పర్లాకిమిడి నుంచి ఒక ప్రశ్న: ‘గెట్’ అంటే అసలు ఏమిటి?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మీడియం. ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. వచ్చే నెల విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఇంగ్లిషు చదివితే అర్థమవుతుంది గానీ, మాట్లాడబోతే ‘గెట్’ దగ్గర ఆగిపోతున్నాను. డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాటకే బోలెడన్ని అర్థాలు. కోచింగ్‌లో ‘గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై’ అంటూ పెద్ద లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. పొద్దున పట్టింది సాయంత్రానికి పోతోంది. ఒక్క మాటకి అన్ని అర్థాలు ఎలా వచ్చాయి? అసలు అది ఎక్కడి మాట? మా తమ్ముడు ఫోన్లో వీడియోలు చూసి ‘గాటెన్’ అంటున్నాడు, మా లెక్చరర్ అది తప్పంటారు. ఎవరిది రైటు? నేను తరచూ అనే మూడు వాక్యాలు రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి: ‘ఐ యామ్ గెటింగ్ డౌట్’, ‘ఐ ఎటెస్టెడ్ మై సర్టిఫికెట్స్’, ‘స్లీప్ ఈజ్ నాట్ కమింగ్ టు మీ’. చాలా టెన్షన్‌గా ఉంది మాస్టారూ.

సమాధానం: అమ్మా, చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు ఆ లిస్టు పక్కన పెట్టెయ్. నీకు జ్ఞాపకశక్తి తక్కువై కాదు అది నిలవనిది. వాటన్నిటినీ కలిపి ఉంచే దారం ఏమిటో నీకు ఎవరూ చెప్పలేదు, అందుకు నిలవడం లేదు.

ఆ దారం ఇది. అంతకుముందు లేనిది ఇప్పుడు వచ్చింది, లేదా అంతకుముందు లేని చోటికో స్థితికో ఇప్పుడు చేరాం. ఆ మార్పు జరిగిన క్షణాన్ని చెప్పేదే గెట్. వచ్చింది వస్తువు కావచ్చు, జ్వరం కావచ్చు, కోపం కావచ్చు. చేరింది ఊరు కావచ్చు, ముసలితనం కావచ్చు. ఇంగ్లిషువాడికి అవన్నీ ఒకటే లెక్క.

మీ ఊళ్ళోనే ఒక పొద్దుట చూద్దాం. ‘ఐ గాట్ అప్ ఎట్ ఫైవ్, గాట్ రెడీ, గాట్ వెట్ ఎట్ ది బస్ స్టాండ్, గాట్ ఆన్ ది పాతపట్నం బస్, గాట్ ఎ సీట్, గాట్ టు టెక్కలి బై నైన్, గాట్ ఎ కాల్ ఫ్రమ్ హోమ్ అండ్ గాట్ వర్రీడ్.’ దీన్నే తెలుగులో చెప్పు. ఐదింటికి లేచాను, తయారయ్యాను, బస్టాండులో వానకి తడిసిపోయాను, పాతపట్నం బస్సు ఎక్కాను, సీటు దొరికింది, తొమ్మిదికల్లా టెక్కలి చేరాను, ఇంటి నుంచి ఫోనొచ్చింది, కంగారు పడ్డాను. వాళ్ళకి ఒక్క క్రియ, మనకి ఎనిమిది. ప్రతి చోటా జరిగింది మాత్రం ఒకటే: ముందు ఒకలా ఉన్నది తర్వాత ఇంకోలా అయింది.

ఇదేదో ఇంగ్లిషుకే ఉన్న వింత అనుకోకు. మన ‘పడు’ని చూడు. కింద పడ్డాడు, జీతం పడింది, చీకటి పడింది, తిట్లు పడ్డాయి, ఇష్టపడ్డాడు, సిగ్గుపడ్డాడు, కష్టపడ్డాడు. తెలుగు నేర్చుకునే ఒడియా పిల్లవాడికి ఇదీ పెద్ద లిస్టులాగే కనిపిస్తుంది. నువ్వు మాత్రం ఏ లిస్టూ చూడకుండానే మూడేళ్ళ వయసులో ఇవన్నీ వాడేశావు.

మరి నువ్వు ఆగిపోతున్నది ఎక్కడ? నా ఉద్దేశంలో అసలు చిక్కు ‘నాకు’ దగ్గర ఉంది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది పట్టుబడితే సగం పని అయిపోతుంది.

మనం ‘నాకు జ్వరం వచ్చింది’ అంటాం. ‘నాకు కోపం వచ్చింది’, ‘నాకు ఆకలి వేసింది’, ‘నాకు ఉద్యోగం దొరికింది’, ‘నాకు నిద్ర పట్టలేదు’ అంటాం. వీటిలో పని చేసేది జ్వరం, కోపం, ఆకలి. మనిషి ఒక పక్కన నిలబడి ఉంటాడు, అవి అతని దగ్గరికి వస్తాయి. ఒడియా కూడా ఇదే దారి. ‘మోతే జొరొ హెయిచి’, ‘మోతే భోకొ లాగుచి’ అని నువ్వు రోజూ అంటూనే ఉంటావు. ఆ ‘మోతే’ మన ‘నాకు’ లాంటిదే. అంటే నీకు వచ్చిన రెండు భాషలూ ఒకే పక్క ఉన్నాయి. ఇంగ్లిషు అవతలి పక్క ఉంది. అక్కడ మనిషే ముందుకొచ్చి నిలబడాలి. ‘ఐ గాట్ ఎ ఫీవర్’, ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ గాట్ హంగ్రీ’, ‘ఐ గాట్ ఎ జాబ్’. జ్వరం నీ దగ్గరికి రాదు, నువ్వే దాన్ని తెచ్చుకుంటావు అన్నట్టు ఉంటుంది వాళ్ళ పలుకు.

అందుకే నేను చెప్పే సూత్రం ఒకటే. తెలుగులో నీ నోటికి ‘నాకు... వచ్చింది, దొరికింది, అయింది, వేసింది’ అని వస్తే, ఇంగ్లిషులో ‘నాకు’ని ‘నేను’ చేసి ‘గాట్’ పెట్టి చూడు. పదింట ఎనిమిది చోట్ల సరిగ్గా కూర్చుంటుంది. ఆసుపత్రిలో నువ్వు రోజూ వినబోయే ‘నాకు రిపోర్టు ఎప్పుడొస్తుంది?’ అన్నది ‘వెన్ విల్ ఐ గెట్ ది రిపోర్ట్?’ అవుతుంది. ‘ఆయనకి తగ్గుతోంది’ అన్నది ‘హీ ఈజ్ గెటింగ్ బెటర్’ అవుతుంది. ఈ రెండోది బాగా గుర్తు పెట్టుకో. తెలుగులో తగ్గేది జబ్బు. ఇంగ్లిషులో బాగుపడేది మనిషి. తగ్గడం అనే మాట మనసులో పెట్టుకుని ‘హీ ఈజ్ రెడ్యూసింగ్’ అన్నావంటే, ఆయన ఒళ్ళు తగ్గుతున్నాడేమో అనుకుంటారు.

ఇక గెట్ తర్వాత ఏం వస్తోందో చూస్తే అర్థం దానంతటదే తేలుతుంది. వస్తువు పేరు వస్తే దొరకడం, అందడం, తేవడం. ఎలా ఉందో చెప్పే మాట వస్తే అవడం: గెట్ టైర్డ్, గెట్ ఓల్డ్, గెట్ డార్క్. ‘టు’తో చోటు పేరు వస్తే చేరడం. ఇల్లు, ఇక్కడ, అక్కడ అనే మాటలకు మాత్రం ‘టు’ ఉండదు: గెట్ హోమ్, గెట్ హియర్, గెట్ దేర్. ‘టు’తో క్రియ వస్తే అవకాశం దొరకడం: ‘ఐ గాట్ టు సీ ది డాక్టర్’ అంటే డాక్టరుగారిని కలిసే వీలు దొరికిందని. ఇవి తేలికే, వీటిమీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

కూర్చోవలసింది రెండు చోట్ల.

మొదటిది, ‘యామ్’కీ ‘గాట్’కీ తేడా. ‘నాకు పెళ్లయింది’ అనే ఒక్క తెలుగు వాక్యంలో రెండు సంగతులున్నాయి. ఇప్పుడు నేను పెళ్లయినదాన్ని అన్నది ఒకటి, ఫలానా రోజున పెళ్లి జరిగింది అన్నది రెండోది. ఇంగ్లిషు వీటిని విడదీస్తుంది. ‘ఐ యామ్ మేరీడ్’ అంటే స్థితి. ‘ఐ గాట్ మేరీడ్ ఇన్ మే’ అంటే జరిగిన సంగతి. తేదీ, సమయం, కారణం చెప్పబోతుంటే గాట్ కావాలి. ఇప్పుడెలా ఉందో చెప్పాలంటే యామ్, ఈజ్ చాలు. పెళ్లి ఎవరితో అని చెప్పేటప్పుడు మనవాళ్ళు ‘గాట్ మేరీడ్ విత్’ అంటుంటారు. అక్కడ ‘టు’ ఉండాలి.

రెండోది నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే ఇక్కడ తెలుగు నీకు కొండంత అండ. మన భాషలో ‘చేయు’కి ‘చేయించు’ ఉంది. కుట్టాను వేరు, కుట్టించాను వేరు, కుట్టించుకున్నాను ఇంకా వేరు. నాలుగేళ్ళ పిల్ల కూడా ఇందులో పొరపాటు చేయదు. ఇంగ్లిషులో ఆ ‘ఇంచు’ పని చేసేది గెట్. ‘ఐ స్టిచ్డ్ మై బ్లౌజ్’ అంటే మిషను ముందు కూర్చుని నువ్వే కుట్టావని. దర్జీకి ఇచ్చి కుట్టించుకుంటే ‘ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్’. వరస చూడు: గాట్, తర్వాత వస్తువు, చివర జరిగిన పని. ‘ఆధార్‌లో అడ్రసు మార్పించాను’ అంటే ‘ఐ గాట్ మై అడ్రస్ చేంజ్డ్’. ‘బండి బాగు చేయించాడు’ అంటే ‘హీ గాట్ హిజ్ బైక్ రిపేర్డ్’. చేసిన మనిషి పేరు కూడా చెప్పాలనుకుంటే వరస కొంచెం మారుతుంది: ‘ఐ గాట్ ది క్లర్క్ టు సైన్ ఇట్’. గుమాస్తా చేత సంతకం పెట్టించాను అని. ఆ ‘చేత’ కనిపించిన చోట ‘టు’ వస్తుంది.

ఇంటర్వ్యూలో ‘డిడ్ యూ గెట్ యువర్ డాక్యుమెంట్స్ వెరిఫైడ్?’ అని అడుగుతారనుకో. ‘యెస్, ఐ వెరిఫైడ్’ అంటే నువ్వే వెరిఫై చేసుకున్నానని చెప్పినట్టు. ‘యెస్, ఐ గాట్ దెమ్ వెరిఫైడ్’ అనాలి. మన బతుకులో ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించుకునే పనులే ఎక్కువ. అందులోనూ రెండు రాష్ట్రాల మధ్య చదువూ ఉద్యోగమూ వెతుక్కునే మీలాంటి పిల్లలకి సర్టిఫికెట్ల పని తప్పదు. కాబట్టి ఈ వాక్యం నీకు చాలాసార్లు పనికొస్తుంది.

ఇప్పుడు అది ఎక్కడి మాట అన్నావే, ఆ సంగతి. సరిహద్దులో పుట్టి పెరిగినదానివి కాబట్టి ఇది నీకు మిగతావాళ్ళకంటే బాగా అర్థమవుతుంది.

గెట్ ఇప్పుడున్న రూపంలో పాత ఇంగ్లిషు మాట కాదు. ఉత్తరాన స్కాండినేవియా నుంచి పడవల మీద వచ్చినవాళ్ళ మాట. 793లో వాళ్ళు ఇంగ్లండు ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడి చేశారు. ముందు దోచుకోవడానికే వచ్చారు. వందేళ్ళు తిరక్కుండానే ఉత్తర, తూర్పు ఇంగ్లండులో భూములు దున్నుకుంటూ స్థిరపడ్డారు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ లాంటి పేర్లలో చివరనున్న ‘బీ’ అంటే వాళ్ళ భాషలో ఊరు. మన శ్రీకాకుళం జిల్లాలో ఊళ్ళ పేర్ల చివర వలస అని ఉంటుంది చూడు, అలాగ. పక్కపక్క ఇళ్ళలో ఉండి, సంతలో బేరాలాడుకుని, పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్నాక మాటలు కలవకుండా ఎలా ఉంటాయి? టేక్, ఎగ్, స్కై, నైఫ్, విండో, లా, ఇవన్నీ అలా వచ్చినవే. అంతెందుకు, దే, దెమ్, దెయిర్ అనే సర్వనామాలు కూడా వాళ్ళవే. ఇంకో భాష నుంచి వస్తువుల పేర్లు తెచ్చుకోవడం మామూలే. ‘వాళ్ళు’ అనే మాటనే తెచ్చుకున్నారంటే ఆ ఇరుగుపొరుగు ఎంత దగ్గరిదో ఆలోచించు.

ఆ వచ్చినవాళ్ళ మాట ‘గెటా’. పొందడం, చేరుకోవడం, ఊహించడం అని దాని అర్థాలు. పాత ఇంగ్లిషులోనూ దీని చుట్టం ఒకటి ఉండేది, కానీ ఒంటరిగా కాదు, వేరే మాటలకు అతుక్కుని ఉండేది. పలికేటప్పుడు కూడా ‘గ’ కాకుండా ‘య’లా వినిపించేది. ఫర్గెట్ అనేది ఆ పాత మాటే. పట్టు జారిపోవడం, అంటే మరిచిపోవడం. ఊహించడం అనే అర్థంలోని గెస్ కూడా ఈ కుటుంబానిదే. ఇంకా వెనక్కి వెళ్తే, అందుకోవడం, పట్టుకోవడం అనే అర్థమున్న ఒక మూలధాతువు దగ్గరికి చేరతాం. లాటిన్ వైపు వెళ్ళిన దాని సంతానంలోంచే ప్రిజన్, కాంప్రిహెండ్ అనే మాటలు వచ్చాయి. మనిషిని పట్టి ఉంచేది ఒకటి, విషయాన్ని పట్టుకునేది ఇంకొకటి. ‘ఐ గెట్ ఇట్’ అంటే అర్థమైంది అని ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా. మనం కూడా ‘ఆ లెక్క నాకు పట్టుబడింది’ అంటాం.

ఇంగ్లండులో అచ్చుయంత్రం మొదట పెట్టిన విలియమ్ కాక్స్‌టన్ 1490లో ఒక సంగతి రాశాడు. కొందరు వ్యాపారులు పడవలో పోతూ గాలి లేక కెంట్ తీరంలో ఆగారు. ఒకడు ఒడ్డుకు దిగి ఒక ఇంటికి వెళ్ళి తినడానికి ‘ఎగ్స్’ ఇమ్మన్నాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదంది. అతనికి కోపం వచ్చింది, ఎందుకంటే అతనికీ ఫ్రెంచి రాదు. చివరికి ఇంకొకడు ‘ఐరెన్’ కావాలన్నాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఎగ్స్ ఉత్తరం నుంచి వచ్చిన మాట, ఐరెన్ దక్షిణాన నిలిచిన పాత ఇంగ్లిషు మాట, రెండూ గుడ్లే. మీ బజారులో గుడ్డు అన్నా అండా అన్నా కొట్టువాడు తీసి ఇస్తాడు. ఆ కెంట్ ఇల్లాలికి మాత్రం అప్పటికి ‘ఎగ్స్’ అనే మాట తెలియదు. మీ పర్లాకిమిడి వాళ్ళు ఏ చదువూ లేకుండానే రెండు మూడు భాషల్లో బేరాలాడగలరు. అది చిన్న విద్య కాదు. ఇంటర్వ్యూలో ‘మీకు ఏయే భాషలు వచ్చు’ అంటే తెలుగు, ఒడియా రెండూ గట్టిగా చెప్పు. విశాఖ ఆసుపత్రులకి ఒడిశా నుంచి ఎంతమంది రోగులు వస్తారో వాళ్ళకి తెలుసు.

మీ తమ్ముడి ‘గాటెన్’ సంగతి. అది తప్పు కాదు. పాత ఇంగ్లిషువాళ్ళ మాటే. 1611లో అచ్చయిన ఇంగ్లిషు బైబిల్ మొదటి కాండంలోనే ‘ఐ హావ్ గాటెన్ ఎ మ్యాన్’ అని ఉంటుంది. తర్వాత బ్రిటన్‌లో అది వాడుక తగ్గి ‘గాట్’ మిగిలింది. అట్లాంటిక్ దాటి వెళ్ళినవాళ్ళు దాన్ని అమెరికాలో నిలబెట్టుకున్నారు. బ్రిటన్‌లో కూడా ‘ఫర్గాటెన్’లో అది ఇంకా బతికే ఉంది. అమెరికన్లు ‘హావ్ గాట్’ అంటే ఉంది అని, ‘హావ్ గాటెన్’ అంటే సంపాదించాను, అయ్యాను అని తేడాగా వాడతారు. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి కాబట్టి మీ లెక్చరర్ గారు అలా అన్నారు. పరీక్షలో ఆయన చెప్పినట్టే ‘గాట్’ రాయి. తమ్ముణ్ణి మాత్రం ఏమీ అనకు.

ఇంకొక మాట చెప్పాలి. గెట్ మొరటు మాటని, మర్యాదస్తులు రాయకూడదని కొందరు టీచర్లు పిల్లల్ని భయపెడతారు. నేను ఒప్పుకోను. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి దొరల భాష అయింది. ఆ దారిలో వచ్చినవే రిసీవ్, ఆబ్‌టైన్, అరైవ్. కచేరీలోనూ కాగితం మీదా అవి పెద్దరికం తెచ్చుకున్నాయి. ఇంట్లో, పొలంలో, వంటింట్లో మాత్రం గెట్ నిలిచింది. అప్లికేషన్‌లో ‘ఐ రిసీవ్డ్ యువర్ లెటర్’ అని రాయి, అది ఆ చోటికి తగిన మాట. నోటితో మాట్లాడేటప్పుడు ‘ఐ గాట్ యువర్ మెసేజ్’ అను, ఇది ఈ చోటికి తగిన మాట. జనం నోట్లో ఉన్న భాషకి బడిలో చోటుండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మీ ఊళ్ళోనే, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో. అక్కడే ఉండి చుట్టుపక్కల కొండల్లో సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. అలాంటి ఊరి పిల్ల వాడుక మాటకి జంకడమేమిటి?

లిస్టులోంచి నీ ఉద్యోగానికి కావలసినవి నాలుగు చెబుతాను, మిగతావి వినగా వినగా అవే వస్తాయి. ఫోను కలవకపోతే ‘ఐ కుడంట్ గెట్ త్రూ’. కనుక్కుని మళ్ళీ చెబుతాను అనడానికి ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ’. ఫలానావారిని సంప్రదించండి అనడానికి ‘ప్లీజ్ గెట్ ఇన్ టచ్ విత్’. బస్సూ రైలూ దిగడానికి మనం ‘గెట్ డౌన్’ అంటాం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది గానీ, బయటి దేశాలవాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘గెట్ ఆఫ్’ అను. ఆటో, కారు అయితే ఎక్కడం ‘గెట్ ఇన్’, దిగడం ‘గెట్ అవుట్’.

ఇక నీ మూడు వాక్యాలు. ‘ఐ యామ్ గెటింగ్ డౌట్’ కి బదులు ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అను. మనం సందేహం అనే మాటకి డౌట్ వాడేస్తాం గానీ, ఇంగ్లిషువాడికి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఆసుపత్రిలో డాక్టరుగారితో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే ఆయన మాట మీద నీకు నమ్మకం లేదేమో అనిపించవచ్చు. రెండోది ‘ఐ గాట్ మై సర్టిఫికెట్స్ ఎటెస్టెడ్’. ఎటెస్ట్ చేసింది గెజిటెడ్ ఆఫీసరు, చేయించుకున్నది నువ్వు. మూడోది ‘ఐ కాంట్ గెట్ టు స్లీప్’. ఇక్కడ నిద్ర ఒక చోటు అయింది, నువ్వు అక్కడికి చేరలేకపోతున్నావు. ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి మాత్రం ఈ వాక్యం అవసరం రాకుండా పెందలాడే భోంచేసి పడుకో తల్లీ. పొద్దున బండికి వెళ్ళాలంటే నాలుగింటికే లేవాలి.